పెన్నేటి పేరు, పెన్నేటి దారి

పెన్నా నది కర్ణాటకలోని చిక్కబళ్లాపుర జిల్లాలో, నంది కొండల వరసలోని చెన్నకేశవ గుట్ట మీద పుడుతుంది. అక్కడి నుంచి 597 కిలోమీటర్లు ప్రవహించి, నెల్లూరుకు తూర్పున ఊటుకూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. ఈ దూరంలో కర్ణాటకకు దక్కింది 61 కిలోమీటర్లే. తక్కిన 536 కిలోమీటర్లూ ఆంధ్రప్రదేశ్‌లోనే. దాని పరీవాహక ప్రాంతం 55,213 చదరపు కిలోమీటర్లు. అందులో 48,276 చదరపు కిలోమీటర్లు ఆంధ్రప్రదేశ్‌దే. గోదావరి, కృష్ణ పడమటి కనుమల నీళ్లు మోసుకుంటూ తెలుగు నేలకు నిండుగా వస్తాయి. పెన్నకు ఆ భాగ్యం లేదు. మేఘాలు కనుమల దగ్గరే కురిసిపోగా మిగిలిన కొద్దిపాటి వానలే దానికి ఆధారం. అయినా హిందూపురం నుంచి నెల్లూరు దాకా ఒడ్డున ఉన్న ఊళ్లలో ‘ఏరు’ అంటే పెన్నేరే.

నంది కొండలు చిన్నవే అయినా చుట్టూ అన్ని దిక్కులకూ ఏళ్లను పంపుతాయి. అర్కావతి దక్షిణానికి వెళ్లి కావేరిలో కలుస్తుంది. పాలారు తమిళ దేశానికి పోతుంది. దక్షిణ పినాకిని హోసకోట, కృష్ణగిరి, తిరుక్కోయిలూరుల మీదుగా కడలూరు దగ్గర సముద్రం చేరుతుంది. ఉత్తరానికి పోయేది ఉత్తర పినాకిని, అంటే పెన్న. అదే కొండల చుట్టుపక్కల పుట్టిన చిత్రావతి, పాపాఘ్ని వేరువేరు దారుల్లో చాలా దూరం నడిచి, చివరకు కడప జిల్లాలో పెన్నను కలుస్తాయి. ఒకే కొండ చుట్టూ పుట్టిన మూడు ఏళ్లు విడిపోయి మళ్లీ ఒకటి కావడం ఈ నదీ వ్యవస్థలోని విశేషం.

పెన్నకు సంస్కృతంలో ఉన్న పేరు పినాకిని. శివుడి విల్లు పినాకం, దాన్ని పట్టినవాడు పినాకి, స్త్రీలింగంలో పినాకిని. భోగ నందీశ్వరుడూ యోగ నందీశ్వరుడూ కొలువైన కొండల నుంచి వచ్చే నదికి శివుడి విల్లు పేరు పెట్టడం సహజంగానే కనిపిస్తుంది. నది వంపు ధనుస్సులా ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని చెప్పేవారూ ఉన్నారు. పటంలో చూస్తే అది నిజమే: ఉత్తరానికి బయలుదేరిన నది పామిడి దగ్గర తూర్పుకు మళ్లి, ఆ తర్వాత ఆగ్నేయానికి వాలుతుంది. అయితే ఇంత పెద్ద వంపు పటం ముందు పెట్టుకున్నవారికి తెలుస్తుంది గాని ఒడ్డున నిలబడ్డవారికి తెలియదు. పైగా ఈ ఆకారం ఉత్తర పినాకినిదే. దక్షిణ పినాకినికి అలాంటి విల్లు వంపు లేదు. రెండు నదులకూ ఒకే పేరు ఉన్నప్పుడు ఒకదాని ఆకారం ఆ పేరుకు కారణం కాలేదు.

జనం నోట ఉన్నది పెన్న, పెన్నేరు. దక్షిణ పినాకినిని తమిళులు తెన్‌పెణ్ణై అంటారు, అంటే దక్షిణపు పెణ్ణై. ఈ పెణ్ణై పేరు సంగకాలపు తమిళ పద్యాల్లోనే ఉంది. తిరుక్కోవలూరును ఏలిన మలైయమాన్ పాలకులు దాని ఒడ్డువారే. ఉత్తరాన ఒక పెణ్ణై, దక్షిణాన ఒక పెణ్ణై సరిహద్దులుగా ఉన్న దేశాన్ని తొండమండలం అన్నారు. నెల్లూరు మీదుగా పోయే పెన్ననే తమిళులు వడపెణ్ణైగా, అంటే ఉత్తరపు పెణ్ణైగా ఎరిగారు.

పెణ్ణై, పెన్న అన్నవి ఒకే మాటకు రెండు రూపాలని చెప్పడానికి ధ్వని సాక్ష్యం ఉంది. తమిళంలో ‘ణ’ ఉన్న చోట తెలుగులో ‘న’ రావడం ఈ రెండు భాషల మధ్య వాడుకైన మార్పు. అక్కడి కణ్ ఇక్కడ కన్ను, మణ్ మన్ను, వెణ్ణెయ్ వెన్న. అదే దారిలో పెణ్ణై పెన్న అయింది. పెన్నేరును ‘పెను ఏరు’గా, అంటే పెద్ద ఏరుగా విడదీసే వివరణ కూడా ఉంది. పెన్న ఎగువ ప్రాంతంలోనే పెనుకొండ ఉండటం దానికి కొంత బలమిస్తుంది. కాని ‘పెను’కు ‘ఏరు’ చేరితే రెండు నకారాలు రావలసిన పని లేదు, తమిళ రూపంలోని ‘ణ్ణ’కూ ఆ వివరణలో జవాబు దొరకదు. పెణ్ణై అంటే తమిళంలో తాటిచెట్టు అనే అర్థమూ ఉంది. మాట మూలం తాడిచెట్టే అయినా కాకపోయినా, రెండు భాషల జనం రెండు ఏళ్లకూ వాడుతున్న ఈ పేరు దేశి పదమేనని మాత్రం గట్టిగా అనవచ్చు. ముందు పెన్న ఉంది. పండితులు ఆ ధ్వనికి దగ్గరగా, నంది కొండల శివుడికి తగినట్టుగా, పినాకిని అని సంస్కరించారు.

అర్థాన్ని అనువదించకుండా ధ్వనిని మాత్రమే పట్టుకున్న సంస్కరణ ఇది. పొరుగు పేర్లలో ఎక్కువగా కనిపించేది అనువాద పద్ధతి. పెనుకొండ ఘనగిరి అయింది, పాలారు క్షీరనది అయింది. పెన్న ఉపనదుల్లో చెయ్యేరు ఈ పద్ధతికి మంచి ఉదాహరణ. దాని సంస్కృత నామం బాహుద, అంటే బాహువులను ఇచ్చేది. మహాభారతం శాంతిపర్వంలో శంఖలిఖితుల కథ ఉంది. అన్న శంఖుడి ఆశ్రమంలో అడగకుండా పండ్లు తిన్న లిఖితుడు తప్పు ఒప్పుకుని సుద్యుమ్న మహారాజును శిక్ష అడుగుతాడు. రాజు చేతులు నరికిస్తాడు. లిఖితుడు బాహుదా నదిలో మునిగి లేచేసరికి చేతులు మళ్లీ వస్తాయి. కడప సీమలో ఈ కథను చెయ్యేటికి, నందలూరు సౌమ్యనాథుడి ఆలయ పరిసరాలకు అన్వయించి చెప్తారు. చిత్తూరు జిల్లా కాణిపాకం దగ్గర మరో బాహుదకూ ఇదే కథ చెప్తారు. ఒకే కథ రెండు ఏళ్ల ఒడ్డున పాతుకోవడం చూస్తే, ఉన్న ఏటి పేరుకు పురాణాన్ని జతచేసుకోవాలనే కోరిక జనంలో ఎంత బలమైనదో తెలుస్తుంది.

పాపాఘ్ని అంటే పాపాన్ని నశింపజేసేది. వాడుకలో అది పాపాగ్ని అయి, నిప్పుకు సంబంధించిన పేరేమో అనిపించేలా మారింది. ఓర్వకల్లు వైపు నుంచి నంద్యాల మీదుగా దక్షిణానికి దిగే కుందేరును జనం ముద్దుగా కుందూ అంటారు. పండితుల లెక్కలో అది కుముద్వతి, కలువల నది. సగిలేరు నల్లమల, వెలికొండల నడుమ లోయలో ఉత్తరం నుంచి వస్తుంది. పెన్నార్ అనే రూపం కూడా పుస్తకాల్లో, ఆనకట్టల పేర్లలో కనిపిస్తుంది. తమిళంలో ఏరును ‘ఆఱు’ అంటారు; ఆ తోక తగిలిన రూపమే మద్రాసు ప్రభుత్వపు ఇంగ్లీషు దస్తావేజుల ద్వారా తెలుగులోకి తిరిగొచ్చింది. మిడ్‌ పెన్నార్ జలాశయం ఒడ్డున ఉన్న రైతు మాత్రం ఇప్పటికీ పెన్న అనే అంటాడు. ఉరవకొండ దగ్గర ఏటి ఒడ్డున ఉన్న నరసింహ క్షేత్రం పెన్నహోబిలం. స్వామి ఒక పాదం అహోబిలంలో, ఇంకొకటి ఇక్కడ మోపాడని స్థల కథనం. ఆ అహోబిలానికీ ఈ అహోబిలానికీ తేడా చెప్పడానికి జనం ఎంచుకున్నది ఏటి పేరునే.

నది దారి పట్టుకుంటే, గౌరీబిదనూరు దాటి హిందూపురం దగ్గర తెలుగు నేలలో అడుగుపెట్టిన పెన్నకు మొదట కలిసేది జయమంగళి. అది తుమకూరు జిల్లాలోని దేవరాయనదుర్గం నుంచి వస్తుంది. అక్కడి నుంచి పామిడి దాకా ఏరు దాదాపు నేరుగా ఉత్తరానికే పోతుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇక్కడ కనిపించేది ఇసుకే. ఆ ఇసుక కింద నీరు కదులుతూ ఉంటుంది. వేసవిలో ఆడవాళ్లు చెలమలు తవ్వి, ఊరిన నీటిని ముంతలతో తోడి బిందెలు నింపుకునేవారు. రైతులు ఏటి ఇసుకలో వాలు చూసి ఊటకాలువలు తవ్వి, అడుగున పారే నీటిని ఒడ్డున పొలాలకు మళ్లించుకునేవారు. పైకి ఎండిన ఏరు లోపల ఎండలేదని తెలిసినవారి సేద్యం అది. ఇసుకను లారీల కొద్దీ తోడేశాక చాలాచోట్ల ఆ ఊట అడుగంటింది. ఇది పెన్నకు జరిగిన పెద్ద నష్టం.

తాడిపత్రి దగ్గర ఏటి ఒడ్డునే విజయనగర కాలపు బుగ్గ రామలింగేశ్వరాలయం ఉంది. బుగ్గ అంటే నేలలో నుంచి ఉబికే ఊట. గర్భగుడిలో లింగం దగ్గర ఎప్పుడూ నీరు ఊరుతుందని స్వామికి ఆ పేరు. తాడిపత్రి దాటాక నేల స్వభావం మారిపోతుంది. గ్రానైట్ మైదానం వెనకబడి, పొరలు పొరలుగా పేరుకున్న కడప శిలలు మొదలవుతాయి. ఇవి వంద కోట్ల ఏళ్లకు పైబడినవి. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ శిలా సముదాయాలకు పేర్లు పెట్టేటప్పుడు పెన్న ఉపనదుల పేర్లనే తీసుకున్నారు. పాపాఘ్ని సముదాయం, చిత్రావతి సముదాయం అనే మాటలు నేడు భూగర్భ శాస్త్ర గ్రంథాల్లో కనిపిస్తాయి. ఇళ్లలో నేలకు పరిచే కడప బండలు, తాడిపత్రి బండలు ఈ నేల ఇచ్చినవే.

గండికోట దగ్గర పెన్న ఎర్రమల కొండలను కోసుకుంటూ పోతుంది. గండి అంటే తెగిన చోటు, కొండల నడుమ సందు. ఆ గండి మీద కట్టిన కోట గండికోట. పాపాఘ్ని కూడా వేంపల్లె దగ్గర కొండల వరసను చీల్చుకుని బయటపడుతుంది. అక్కడి ఆంజనేయుడి క్షేత్రానికి గండి అనే పేరు. గండికోట లోయలో ఎర్రటి రాతిగోడలు దాదాపు మూడువందల అడుగుల ఎత్తున నిలుస్తాయి. వాటిని గ్రానైట్ అని రాయడం అలవాటైంది గాని అవి ఇసుకరాయి గట్టిపడి ఏర్పడిన క్వార్ట్‌జైట్ శిలలు. ఆ పొరకు శాస్త్రంలో గండికోట క్వార్ట్‌జైట్ అనే పేరు. మూడు వైపులా కొండ, ఒక వైపు ఏటి లోయ కాపు కాసిన ఈ కోటను పెమ్మసాని నాయకులు ఏలారు. పదిహేడో శతాబ్దం నడుమ గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దాన్ని పట్టుకున్నాడు. ఫ్రెంచి రత్న వర్తకుడు టావెర్నియే 1652లో అతణ్ణి కలవడానికి ఇక్కడికే వచ్చాడు. ఆ వర్తకానికి ఏటితోనూ సంబంధం ఉంది: కడపకు దగ్గరలోని చెన్నూరులో పెన్న ఒడ్డు గులకరాళ్ల పొరల్లో వజ్రాలు దొరికేవి.

చిత్రావతి గండికోట ప్రాంతంలో, కుందూ, పాపాఘ్ని కమలాపురం ప్రాంతంలో వచ్చి చేరడంతో పెన్న కడప జిల్లాలోనే నిజంగా పెద్ద నది అవుతుంది. పుష్పగిరిని పంచనదీ క్షేత్రమని పిలవడం ఈ సంగమాల వల్లే. పెన్న, పాపాఘ్ని, కుముద్వతి, వల్కల, మాండవి అని ఆ ఐదింటినీ లెక్కిస్తారు.

తెలుగు భాష చరిత్రలో ఈ సంగమ సీమకు ఉన్న స్థానం మరే నదీ తీరానికీ లేదు. పెన్న, కుందూ, చిత్రావతి, పాపాఘ్నుల నడుమ నేలను పూర్వం రేనాడు అన్నారు. దాన్ని ఏలిన రేనాటి చోళులు శాసనాలను తెలుగులో రాయించారు. ఎర్రగుంట్ల దగ్గర కలమళ్లలో, కమలాపురం దగ్గర ఎర్రగుడిపాడులో దొరికిన శాసనాలు క్రీ.శ. 575 ప్రాంతానివి. కలమళ్ల శాసనంలో ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు రేనాడు ఏలుతున్నట్టుంది. మనకు దొరికిన తొలి తెలుగు శాసనాలు ఇవే. తెలుగుకు 2008లో ప్రాచీన భాష హోదా వచ్చినప్పుడు ఆధారాలుగా నిలిచినవాటిలో ఇవి ముఖ్యమైనవి. సంస్కృత ప్రాకృతాలు రాజభాషలుగా వెలిగిన కాలంలో, నీళ్లు కరువైన ఈ ఏటి ఒడ్డున తెలుగు రాతిమీదికెక్కడం గర్వించదగ్గ సంగతి.

నీళ్లు కరువైన చోటే నీటి విద్య పెరిగింది. పెన్న పరీవాహక ప్రాంతమంతా చెరువుల దేశం. చిత్రావతి నీటికి అడ్డంగా కట్టిన బుక్కపట్నం చెరువు విజయనగర స్థాపకుల్లో ఒకడైన బుక్కరాయల పేరు మోస్తోంది. అతని కుమారుడు భాస్కరుడు సగిలేటి సీమలోని పోరుమామిళ్లలో తవ్వించిన చెరువుకు 1369 నాటి సంస్కృత శాసనం ఉంది. రెండేళ్లపాటు రోజూ వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు పనిచేశాయని అందులో రాశారు. చెరువుకు కావలసిన పన్నెండు అంగాలనూ, పనికిరాని ఆరు దోషాలనూ ఆ శాసనం చెప్తుంది. గట్టి నేల, తీయని నీళ్లున్న ఏరు, రెండు పక్కల కొండ, మరీ పొడవు కాని రాతికట్ట, నేర్పున్న పనివాళ్లు మొదలైనవి అంగాలు. కట్ట కారడం, చవుడు నేల, నడుమ మిట్ట ఉండటం, నీరు కొంచెమై ఆయకట్టు పెద్దదవడం వంటివి దోషాలు. రెండు రాజ్యాల హద్దులో చెరువు కట్టడం కూడా ఆ ఆరు దోషాల్లో ఒకటి. ఆరువందల ఏళ్ల కిందటి ఆ హెచ్చరిక ఎంత నిజమో తర్వాతి చరిత్ర చూపింది. ఎగువన మైసూరు, దిగువన మద్రాసు ఉన్న కాలంలో నీటి తగాదాలు ముదిరి 1892లో ఒప్పందం చేసుకోవలసి వచ్చింది. ఎగువవారు దిగువవారి సమ్మతితోనే కొత్త కట్టడాలు కట్టాలన్న నిబంధన వర్తించే నదుల పట్టికలో పెన్న, చిత్రావతి, పాపాఘ్ని ఉన్నాయి.

కడప దాటాక పెన్న మట్లి రాజుల సిద్ధవటం కోటను ఒరుసుకుంటూ పోయి, చెయ్యేటినీ సగిలేటినీ కలుపుకుని, వెలికొండల సందులో నుంచి సోమశిల దగ్గర బయటికి వస్తుంది. అక్కడితో కొండలు అయిపోతాయి, తూర్పు తీర మైదానం మొదలవుతుంది. సోమశిల ఆనకట్ట కట్టింది ఆ సందులోనే. దాని సామర్థ్యం 78 టీఎంసీలు, పెన్న మీద అన్నిటికంటే పెద్దది. దిగువన సంగం, నెల్లూరు ఆనకట్టలు పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో వచ్చాయి. వాటి పక్కన కొత్త బ్యారేజీలు 2022లో వాడుకలోకి వచ్చాయి. నెల్లూరు మొలగొలుకుల బియ్యానికి వచ్చిన పేరు ఈ కాలువల కింది వరిమళ్లదే.

జొన్నవాడ పేరు కూడా ఏటి ఒడ్డున పుట్టిన పేర్లలో చెప్పుకోదగ్గది. కశ్యపుడు ఇక్కడ యజ్ఞం చేశాడని స్థలపురాణం. యజ్ఞానికి తెలుగు మాట జన్నం. జన్నవాడ కాలక్రమంలో జొన్నవాడ అయిందంటారు. నెల్లూరులో తల్పగిరి రంగనాథుడి గుడి పెన్న ఒడ్డునే ఉంది. పదమూడో శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన విరాటపర్వం మొదలుకొని పదిహేను పర్వాల భారతాన్ని తెలుగు చేసింది ఈ విక్రమసింహపురిలోనే. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ పల్లిపాడు దగ్గర ఏటి ఒడ్డున ప్రారంభించిన ఆశ్రమానికి పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమం అని పేరు పెట్టారు. విజయవాడ నుంచి చెన్నైకి నడిచే రైలు పినాకిని ఎక్స్‌ప్రెస్. పూర్వం పూజల్లో, పండితుల రాతల్లో ఉన్న పేరు ఇలా ఇరవయ్యో శతాబ్దంలో ప్రజా జీవితంలోకి వచ్చింది.

పెన్నకు వరద వస్తే అది ఎక్కువగా ఈశాన్య రుతుపవనాల కాలంలో, తుఫానులతో వస్తుంది. ఏళ్ల తరబడి ఎండి ఉండటం వల్ల జనం ఏటి పొట్టలోకి జరిగి ఇళ్లు, తోటలు పెట్టుకుంటారు. నీళ్లు వచ్చిన రోజున అదే ప్రాణాంతకమవుతుంది. 2021 నవంబరులో చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి దిగువ ఊళ్లను ముంచింది. కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలింది. సోమశిల నుంచి దిగిన వరదకు నెల్లూరు లోతట్టు ప్రాంతాలు మునిగి, పడుగుపాడు దగ్గర చెన్నై రైలు మార్గం, జాతీయ రహదారి తెగిపోయాయి.

ఇప్పుడు పెన్నలో పారేవన్నీ పెన్న నీళ్లు కావు. 1863లో మొదలైన కర్నూలు–కడప కాలువ సుంకేసుల దగ్గర తుంగభద్ర నీటిని తీసుకుని కుందూ లోయ మీదుగా కడప దాకా తెచ్చింది. తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు మిడ్‌ పెన్నార్‌కు చేరుతున్నాయి. మద్రాసు తాగునీటి కోసం 1983లో కుదిరిన ఒప్పందంతో వచ్చిన తెలుగుగంగ, శ్రీశైలం దగ్గర కృష్ణ నీటిని వెలుగోడు, బ్రహ్మంసాగరం, సోమశిల, కండలేరుల మీదుగా తమిళనాడు పూండి జలాశయానికి పంపుతుంది. ఆ నీళ్లు 1996లో మొదటిసారి తమిళనాడు హద్దు దాటాయి. గండికోట లోయకు ఎగువన కట్టిన జలాశయంలో నిల్వ ఉండేదీ ఎక్కువగా కృష్ణ నీరే. నంది కొండల నుంచి వచ్చే సొంత నీరు అనంతపురం సీమ చెరువుల్లోనే చాలావరకు ఆగిపోతోంది. ఊటుకూరు దగ్గర సముద్రంలో కలిసే ప్రవాహం వరద రోజుల్లో తప్ప సన్నటి పాయే. తక్కిన కాలమంతా ఆటుపోట్లతో ఉప్పునీరే నదీముఖంలోకి ఎదురెక్కుతుంది.